ఎర్ర కొస కర్ర

హలో… ఆఁ, నేనేనండీ మాట్లాడేది. గుడివాడ రైసు మిల్లే. గుమాస్తా చిన్నారావునండీ… యజమాని గారు లేరు, బెజవాడ వెళ్లారు, సాయంత్రానికి గానీ రారు… ఏంటీ, నాకా? నాకెవరమ్మా ట్రంకాల్ చేసేది… కలకత్తా నుంచా!

కలపండి, కలపండమ్మా. ఉన్నాను, లైన్లోనే ఉన్నాను.

ఒరే కొండయ్యా! మిషను ఆపించరా. బెల్టు జారవిడవమను. కలకత్తా ఫోనురా! వడ్లు ఎక్కడికీ పారిపోవు గానీ ముందు ఆపమను.

హలో… హలో… గట్టిగా మాట్లాడండి… ఎవరూ?…

పోతయ్యా! ఒరే పోతయ్యా, నువ్వట్రా! నేనింకా ఏ బియ్యం కొట్టువాడో అనుకున్నా. ఏమైందిరా? ఫైనలు నిన్న సాయంత్రం గదా… అయిపోయిందా… ఇక్కడ పేపరు ఇంకా రాలేదు, బెజవాడ బండి రావాలి. నిన్నటి పేపర్లో మాత్రం హై జంపు ఫైనల్‌కొచ్చిన పదకొండు మంది పేర్లూ వేశాడు. కత్తిరించి జేబులో పెట్టుకున్నా…

గెలిచావా? ముందు అది చెప్పు…

మూడో స్థానమా…

ఒరే, మూడో స్థానమంటే తక్కువట్రా! కంచు పతకం! ఇన్ని దేశాల వాళ్లొచ్చిన పోటీలో గిలకలదిండి నుంచి వెళ్లినవాడు పతకం కొట్టాడంటే… కొండయ్యా, విన్నావా? మా పోతయ్యకి పతకం వచ్చింది! అదేరా, నేను చెప్తూ ఉంటానే, బందరు స్కూల్లో నాతో కలిసి దూకేవాడూ, వాడే!

ఆఁ, వింటున్నా… ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావు?… స్టేడియం ఆఫీసు నుంచా. సెక్రటరీ గారు చేసుకోమన్నారా. మంచాయన… మరి ఇంటి వాళ్లకి చేసుకోకుండా నాకు చేశావేంట్రా? మీ వీధిలో ఫోను లేకపోతే నేనే బందరు వెళ్లి చెప్తాలే. మధ్యాహ్నం బండికి వెళ్లి మీ అమ్మకి చెప్పి…

ఏంట్రా ఆ గొంతు? జలుబా?… నిద్రలేదా. ఎలా పడుతుందిలే.

సరే, మొదట్నించీ చెప్పు. ఒక్కటి కూడా వదలకు. ఎంత దగ్గర మొదలెట్టారు?… ఆరడుగులా. ఆరడుగులంటే నీకు పడవ అంచు దాటినట్టే గదా… ఆఁ… ఆరూ రెండు… సిలోన్ వాడు పోయాడు. పాపం… ఆరూ నాలుగు… ఒక్కసారికే దాటావా! ఆరూ నాలుగు ఒక్కసారికే!… జర్మనీ వాడు కూడా పోయాడూ? ఫొటోలో కొంగ కాళ్లేసుకుని ఉన్నాడు గదరా వాడు… 

వానేమైనా పడిందా? నేల ఎలా ఉంది?… రంపప్పొట్టు పోశారా పడేచోట. మనకి ఇసకే. చేపల వేటగాళ్ల పిల్లలు మోసుకొచ్చి పోసిన ఇసక. గుర్తుందా, అందులో గవ్వలుండి వీపంతా గీసుకుపోయేది…

నువ్వేం వేసుకున్నావు కాళ్లకి?… ఎడమ కాలికి ఒక్కదానికే మేకుల బూటు. కుడికాలు ఉత్తదే. బసవపున్నయ్య మాస్టారు ఉండాల్సిందిరా ఇవాళ. ఆ డ్రిల్లు మైదానంలో అంత ఎండలో నిలబడి మనిద్దరి వెనక అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు మహానుభావుడు. చూడకుండా పోయాడు…

ఊఁ, చెప్పు. ఆరూ ఆరు… మొదటిసారి పడింది… రెండోసారి?… దాటావు. దాటావు! అప్పటికి ఎంతమంది మిగిలారు?… ముగ్గురే. రష్యా వాడూ, జపాన్ వాడూ, నువ్వూ. అంటే అక్కడికే పతకం ఖాయమైపోయిందన్నమాట…

తర్వాత ఆరూ ఏడు… మొదటిసారి మడమ తగిలింది. రెండోసారి… విరిగిందా? బార్ విరిగిందా? దాని మీద పడ్డావా? దెబ్బ తగల్లేదు గదా… హమ్మయ్య.

కొత్త బార్ వేశారు. ఊఁ… కొత్తది వేస్తే మళ్లీ కొలవాలట. అదీ న్యాయమేలే… తెల్ల టోపీ పెద్దమనిషి వచ్చాడు. కొలత కర్ర పట్టుకుని… ఊఁ…

ఆగిపోయావేంట్రా? కర్ర తెచ్చాడు, కొలిచాడు. తర్వాత?

…కర్ర కొసకి ఏముందీ?

…

ఎర్ర రంగా.

…

అదా… దూరానికి కనపడాలని పూసుంటార్లేరా. పూస్తే పూశారు, నీకేం? నువ్వు చూడాల్సింది బార్ వైపు గదా. మూడో ప్రయత్నం సంగతి చెప్పు. ఎంతలో పోయింది? చెయ్యి తగిలిందా, మోకాలా?

ఏంటీ?… సరిగ్గా వినపడలేదు, మళ్లీ చెప్పు… పరిగెత్తలేదా?

నిలబడిపోయావా? అదేంట్రా… గుర్తు దగ్గరే నిలబడి… ఎంతసేపు?… పిలిచారు, మళ్లీ పిలిచారు… జెండా ఊపేశారు. టైము అయిపోయిందని. ఒరే, దూకకుండానా? ఫైనల్లో మూడో ప్రయత్నం దూకనే లేదంటావా నువ్వు!

కాళ్లు పట్టేశాయా? కడుపులో బాలేదా?… మరేంటి? కిందటి నెల ప్రాక్టీసులో ఆరూ ఎనిమిది దాటానని ఉత్తరం రాశావు గదరా నాకు! ఆ ఉత్తరం ఇప్పటికీ సొరుగులో ఉంది. ఇంతకీ గెలిచినవాడు ఎంత దూకాడు?… ఆరూ ఏడు? ఆరూ ఏడేనా? రష్యా వాడు ఆరూ ఏడుతో బంగారం పట్టుకుపోయాడా…

అయ్యో పోతయ్యా.

అయ్యో. దూకితే నీదేరా అది.

అమ్మా, హలో… మూడు నిమిషాలైందా. నన్నడుగుతారేంటమ్మా, ఫోను చేసింది అటువాళ్లు గదా… పొడిగించారా. ఆఁ, అలా ఉంచండి. మధ్యలో తియ్యకండమ్మా, దయచేసి.

ఆఁ, పోతయ్యా. చెప్పు. ఏడవకురా. పక్కన మనుషులున్నారేమో… లేరా. సరే, ఏడువు. కానీ ఎందుకు నిలబడిపోయావో చెప్పు. ఏ కర్ర గుర్తొచ్చింది?… మన స్కూల్లోనా… డ్రిల్లు గదిలో… గోడకి ఆనించి… 

ఆఁ.

గుర్తుంది. మా ఇంటి గజం కర్ర. పెడన నుంచి నేను తెచ్చింది. స్కూలు టేపు వానకి కుళ్లిపోయిందని, ఎవరింట్లో అయినా కొలత కర్రుంటే తెమ్మన్నారు మాస్టారు. మాది బట్టల అద్దకం ఇల్లు గదాని నేను తెచ్చాను. తొమ్మిదేళ్ల కిందటి మాట. అదెందుకిప్పుడు?

…కొలిచావా?

దేన్ని కొలిచావు? కర్రనా? నువ్వా?… ఎప్పుడు?

శుక్రవారం సాయంత్రం. నీ జంపు అయిపోయాక. టేపు చుడుతూ చుడుతూ… ఊరికే, కర్ర పక్కన పెట్టి చూశావు…

…

అంగుళం.

ఆఁ. వింటున్నా. అంగుళం పొడుగు. గజం మీద అంగుళం.

…

అంటే నీకు తెలుసు. తొమ్మిదేళ్ల నుంచీ నీకు తెలుసు!

ఆగు. నువ్వు ఆగు. నన్ను మాట్లాడనీ. కొండయ్యా, నువ్వు బయటికి పోరా… ఎందుకేంటి, పొమ్మంటే పో.

పోతయ్యా. నువ్వు చెప్పేది సరిగ్గా అర్థమైందో లేదో నేను చెప్తాను విను. మద్రాసు క్యాంపుకి జిల్లా మొత్తం మీద ఒక్కణ్ణే తీసుకుంటామన్నారు. మనిద్దర్లో ఎవడెక్కువ దూకితే వాడు. నేను గురువారం దూకాను. మాస్టారు ఆ కర్రతో కొలిచి అయిదూ తొమ్మిది అని రాశారు. నువ్వు శుక్రవారం దూకావు. ఆ వేళకి పోర్టు ఆఫీసు నుంచి టేపు దొరికింది, దాంతో కొలిస్తే అయిదూ పది. నువ్వెళ్లావు. నేను మిగిలాను… అంతేనా?

కర్ర పొడుగైతే లెక్క తగ్గుతుంది. నిలువునా దాదాపు రెండు కర్రలు పడతాయి. రెండంగుళాలు. అంటే నేను దూకింది అయిదూ పదకొండు.

నీకంటే అంగుళం ఎక్కువ.

ఆ సంగతి ఆ సాయంత్రమే తెలిసి, టేపు చుట్టి మాస్టారి చేతికిచ్చి, నోరు మూసుకుని ఇంటికి పోయావు నువ్వు. మర్నాడు నన్ను చూశావు. నా భుజం మీద చెయ్యేశావు! బెజవాడ స్టేషన్ దాకా వచ్చి నీ పెట్టె అందించింది నేనేరా. మద్రాసు మెయిలు కదులుతుంటే చెయ్యూపింది నేను!

…క్షమించమని అడక్కు. ఆ మాట వద్దు.

నువ్వెళ్లాక నేనేం చేశానో తెలుసా నీకు? ఆ వేసవంతా పెడనలో కోసేసిన చేలో రెండు గుంజలు పాతి దూకాను. ఇసక లేదు, ఏమీ లేదు, బీటలిచ్చిన నేల మీద. వచ్చే ఏడాదైనా రమ్మంటారేమోనని. ఒకరోజు మోకాల్లో టక్కుమంది. అంతే. ఇప్పటికీ మెట్లెక్కాలంటే కాలు చేత్తో పట్టుకుని పైకి లాక్కోవాలి. అద్దకం బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చోలేక మా నాన్న పని కూడా నాకు కాకుండా పోయింది. అచ్చులన్నీ సంచిలో కట్టి ఎవరికో ఇచ్చేశాడాయన. గుడివాడొచ్చి ఈ తవుడులో… పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా ఈ మిల్లు చప్పుడులో… ముప్ఫై రాలేదురా నాకు. నా కూతురు నన్ను చూసి కుంటుతూ నడవడం నేర్చుకుంది, ఆటనుకుని!

నువ్వు ఆ గురువారం వచ్చుంటే ఇదంతా ఉండేదే కాదు!

…అదే. గురువారం నీ వంతు గదా. ముందు నిన్నే దూకమన్నారు గదా మాస్టారు. నువ్వు మీ అయ్యతో సముద్రం మీద వేటకెళ్లిపోయి… ఏం లేదు. నువ్వొచ్చుంటే బావుండేదని అన్నాను. ఏదో నోటికొచ్చింది. వదిలెయ్.

…

ఊఁ… ఎందుకు పొడుగుందంటే ఏం చెప్పను? అది కోరా బట్ట కొలిచే కర్ర. కోరా గుడ్డని కరక్కాయలో ముంచి, రంగు పెట్టి ఉడకబెట్టి, కాలవలో ఉతికి ఆరేసేసరికి గజానికి అంగుళం కుంచించుకుపోతుంది. అందుకని ముందే అంగుళం ఎక్కువ కొలుస్తారు మావాళ్లు. మా ఇంట్లో రెండు కర్రలుండేవి. తయారైన గుడ్డ కొలవడానికి ఒకటి, అది సరిగ్గా గజం. కోరాకి ఇంకోటి. చూట్టానికి రెండూ ఒకటే. ఇంట్లో ఎవరూ ఒకదాని బదులు ఒకటి తియ్యకుండా మా నాన్న కోరా కర్ర కొసకి ఎర్ర రంగు పట్టించాడు. పెడనలో చంటిపిల్లాడికి కూడా…

…

ఆఁ?

నేనా… నేను పొరపాటున తీశాను. ఆఁ. బందరు బండి టైమైపోతోందని… పొద్దున్నే, చీకట్లో… చేతికి ఏదొస్తే అది. పొరపాటే. మరేమనుకున్నావు?

అదే అంటున్నా గదా, పొరపాటని. ఎన్నిసార్లు అడుగుతావు!

…లేదు. కోపం లేదు. ఉంది. ఎందుకుండదు? ఉంది.

ఏంటీ?… ఆదివారమా. టౌను హాల్లో… సన్మానం. మునిసిపాలిటీ వాళ్లా, స్కూలు వాళ్లా?… ఇద్దరూ కలిపి. ఊఁ, నాకూ కార్డు వస్తుందిలే… చెప్తావా? వేదిక మీదే చెప్తావా? అందరి ముందూ?

పతకం నా మెళ్లో వేస్తావా.

…

ఇది నీకు ఇప్పుడు పుట్టిన ఆలోచనా, రాత్రంతా ఆలోచించిందా?… రాత్రంతా. ఊఁ.

ఉద్యోగం?… రైల్వే వాళ్లు ఏమంటారు? ఆటల మీద ఇచ్చిన ఉద్యోగమేగా నీది. తీసేస్తారా?… తీసేసినా పర్లేదంటావు. పెళ్లాం, ఇద్దరు పిల్లలూ… మళ్లీ వేటకెళ్తావా? తొమ్మిదేళ్లైంది నువ్వు వల పట్టి… 

ఇక దూకవా? ఎందుకు దూకవు? ఇరవై ఏడేళ్లకే ముసలాడివయ్యావా?… బూటు ఏం చేశావు?… ఆ గోతిలోనే వదిలేశావా. ఆ పొట్టులోనే.

…

సరే. చెప్పు. చెప్పాలి మరి. నేనెందుకు వద్దంటాను? తొమ్మిదేళ్లు నన్ను చూసి జాలిపడ్డారు ఊళ్లో. "పాపం, పోతయ్యకి సమానం అవుదామనుకుని కాలు విరగ్గొట్టుకున్నాడు" అన్నారు. సమానమట! ఇప్పుడు తెలుసుకోనీ. ఎవడు ఎక్కువ దూకాడో టౌను హాల్లో కూర్చుని విననీ. మా నాన్నని కూడా తీసుకొస్తాను. ఆయన కూడా వినాలి. నువ్వు చెప్పు, గట్టిగా చెప్పు, దొంగతనం చేశానని నీ నోటితోనే…

…

…ఎవరికి?

మీ అమ్మకి తెలుసా? ముత్యాలమ్మ పిన్నికి?… ఎప్పట్నించీ?

ఆ రాత్రే చెప్పావా. శుక్రవారం రాత్రే.

ఏమంది?… ఊఁ… మద్రాసు వెళ్లు, వాడి సంగతి నేను చూసుకుంటానంది… అంటే ఏంటి, చూసుకోవడమంటే?

…

ఓహ్.

ఆ చేపలు.

పోతయ్యా… మీ అమ్మ నెలకోసారి వస్తుందిరా మా ఇంటికి. పెడనలో ఉన్నప్పుడూ వచ్చేది, గుడివాడొచ్చాకా వస్తూనే ఉంది. గంప దించుతుంది, ఎండు చేపలో, రొయ్యపొట్టో, ఏముంటే అది గుమ్మంలో పెడుతుంది. కూర్చోమంటే కూర్చోదు. మంచినీళ్లు తాగదు. నా కాలి వంక ఒకసారి చూసి వెళ్లిపోతుంది. మా ఆవిడ అనేది, ఆవిడకి మీరంటే ఎంత ప్రేమో చూడండీ, కొడుకు స్నేహితుడని… నేను అవుననేవాణ్ణి. మొన్న తుఫానప్పుడు మీ ఇల్లు పడిపోయిందని విన్నాం గదా, ఆ నెల కూడా వచ్చిందిరా. తడిసిన చీరతో. రెండే చేపలు తెచ్చింది, అరిటాకులో కట్టి.

తిన్నాం. తొమ్మిదేళ్లు తిన్నాం.

…

పోతయ్యా… ఉన్నావా?

లేదు, ఏమీ కాలేదు. కాసేపాగు.

పోతయ్యా, నేనొకటి చెప్తాను, మధ్యలో మాట్లాడకు. మాట్లాడితే నేను చెప్పలేను. ఆదివారం నువ్వు… ముందు అది కాదు. ముందు కర్ర సంగతి. నువ్వు నన్ను రెండుసార్లు అడిగావు, పొరపాటున తెచ్చావా అని. నేను…

హలో… ఎవరూ? అమ్మా, ఇంకో మూడు నిమిషాలు అడగండమ్మా వాళ్లని. ఒక్క మూడు నిమిషాలు… పోతయ్యా, నువ్వు పొడిగించమని చెప్పు. వాళ్లతో చెప్పు… ఉన్నావా? సరే, విను, తొందరగా చెప్తాను.

పొరపాటు కాదురా. తెలిసే తెచ్చాను.

ఎర్ర కొస చూసే తీశాను. చీకట్లో కాదు, దీపం పెట్టుకుని. గురువారం నీ వంతని నాకు తెలుసు. నీ ఎత్తు తక్కువ పడాలని తెచ్చాను. శుక్రవారం నా వంతుకి మంచి కర్ర తేవాలనుకున్నా. నువ్వు వేటకెళ్లావు, రాలేదు. మాస్టారు నన్ను దూకమన్నారు. కర్ర నా చేతిలోనే ఉంది, ఆయన తీసుకున్నారు. వద్దని ఎలా అనను? ఎందుకంటే ఏం చెప్పను? దూకాను. అంత ఎత్తు నేనెప్పుడూ దూకలేదు, పడుతూ పడుతూనే తెలుసు నాకు. ఆయన అయిదూ తొమ్మిది అని రాస్తుంటే నిలబడి చూశాను. శుక్రవారం నీకైనా అదే కర్ర పడుతుందనుకున్నా, టేపు దొరికింది… నువ్వు దొంగవి కాదురా పోతయ్యా. నువ్వు నోరు మూసుకున్నావంతే. ఆ కర్ర నేను నీ కోసం తెచ్చింది. నిన్న అక్కడ నీ కాళ్లు పట్టింది నా పాపం, నీది కాదు. నువ్వు ఆదివారం ఏమీ చెప్పొద్దు. వింటున్నావా? పతకం నీదే, నువ్వే ఉంచుకో, మీ అమ్మ మెళ్లో వెయ్…

పోతయ్యా?

ఒరే. పలకరా.

తిట్టరా, పోనీ. ఏదో ఒకటి అను…

హలో… హలో…

అమ్మా, హలో! మాట వినపడట్లేదు. లైను…

ఎప్పుడు?

అటువైపు ఎప్పుడు తీసేశారమ్మా?… మూడు నిమిషాలు అవగానేనా. పొడిగించలేదా వాళ్లు… అంటే నేను పొడిగించమని అడిగినప్పటికే…

అయితే నేను మాట్లాడిందంతా…

…

మీరు విన్నారామ్మా?… లేదు లేదు, మిమ్మల్ని ఏమీ అనట్లేదు. లైను మీద ఉంటారు గదా, మీ పని అది. ఊరికే అడిగాను.

…ఆఁ. స్నేహితుడే. చిన్నప్పటి స్నేహితుడు.

ఏంటమ్మా?… మళ్లీ బుక్ చేస్తారా? ఎంతసేపు పడుతుంది?… రెండు గంటల్లో వస్తుందా. ఆఁ, చెయ్యండి. చెయ్యండమ్మా, పుణ్యముంటుంది. అర్జెంటు కాల్ చెయ్యండి. రాసుకోండి. కలకత్తా, స్టేడియం ఆఫీసు. నంబరు మీ దగ్గర ఉండే ఉంటుందిగా, ఇప్పుడు వచ్చిందే… మనిషి పేరు పోతయ్య. హై జంపు పోతయ్య అంటే పిలుస్తారు. ఆయన రైలుకి బయల్దేరకముందే…

ఆఁ? ఎవరు పిలుస్తున్నారని చెప్పాలా…

చిన్నారావు.

విషయమా? విషయం కూడా చెప్పాలా?… ఓహో, పిలవడానికి వెళ్లేవాడు అడిగితేనా.

…

…

ఉన్నాను. లైన్లోనే ఉన్నానమ్మా. ఒక్క నిమిషం.

…ఆదివారం ఎలాగూ వస్తున్నాడు గదా. మొహం చూసి చెప్పొచ్చు. ఫోన్లో చెప్పే మాటలా ఇవి?… మీరేమంటారు?… అవున్లెండి, మీరేమంటారు.

వద్దమ్మా. కాన్సిల్ చెయ్యండి.

లేదు, రాయకండి. కొట్టేశారా?… ఊఁ. మంచిది. 

ఎవరదీ? కొండయ్యా, రా, లోపలికి రా. అయిపోయింది. ఆడవాళ్లని గింజలు చెరగమను, బెల్టు ఎక్కించు… కళ్లా? తవుడు పడిందిరా… ఏం చెప్తాడు, మూడో స్థానమట. కంచు పతకం. ఆదివారం బందరు టౌను హాల్లో సన్మానం. నన్ను రమ్మన్నాడు, వేదిక మీదికి… 

నేనూ దూకేవాణ్ణిరా. నీకు చెప్పలేదూ?… ఆఁ, వాడికంటే ఎక్కువే. అంగుళం ఎక్కువ.

ఎవరో అనడమేంటి, వాడే చెప్పాడు ఇప్పుడు.

…అమ్మా, మీరింకా లైన్లోనే ఉన్నారా?… పెట్టేస్తున్నానండీ.